రాజసుందరి పుట్టింటి సింహాసనం

మా ఇంట్లో మేనరికం మాట వస్తే గొడవ లేకుండా ముగియదు. మొన్న సంక్రాంతికీ అదే అయింది. అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అన్నయ్య కొడుక్కి చేసేయమని మామ్మ పట్టు. అక్కేమో "రోజులు మారాయి మామ్మా, డాక్టర్లు కూడా వద్దంటున్నారు" అని ఒకటే మాట. మామ్మ కాసేపు ఊరుకుని, తెలగపిండి కూర ముద్ద కలుపుకుంటూ అంది: "ఒక్కసారి పిల్లనిచ్చి ఊరుకుంటే అది చుట్టరికమే గానీ రెండిళ్లు ఒకటైనట్టు కాదర్రా. ఇచ్చి, పుచ్చుకుని, మళ్లీ ఇస్తే అప్పుడు ఆ ఇంట్లో మన మాట చెల్లుతాది."

పిల్లల ఆరోగ్యం సంగతికొస్తే నేను అక్క వైపే. కానీ మామ్మ మాట వినగానే నాకు ముఖలింగం కోడలు ఒకావిడ గుర్తొచ్చింది. తొమ్మిదిన్నర శతాబ్దాల కిందటి కోడలు. పేరు రాజసుందరి. పుట్టిల్లు చోళ రాజ్యం. ఆవిడ విషయంలో మామ్మ చెప్పినది అక్షరాలా నిజమని, ఆవిడ పెళ్లికి ముందో వెనకో ఇంకొక్క పెళ్లి జరిగి ఉంటే దక్షిణాదిలో సింహాసనాల లెక్క మారిపోయేదని నా వాదన. భోజనాల దగ్గర ఇదంతా చెప్పే వీలు లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

శ్రీకాకుళం వాళ్లకి ముఖలింగం అంటే శివరాత్రి, తర్వాత వంశధారలో చక్రతీర్థ స్నానం. ఇప్ప చెట్టులో వెలిశాడు కాబట్టి మధుకేశ్వరుడు అయ్యాడని చిన్నప్పటి నుంచి వింటున్న కథ. ఆ ఊరు కళింగ గంగరాజుల రాజధాని కళింగనగరం అన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. స్కూల్లో చోళులకి ఒక పాఠం మొత్తం ఉండేది, గంగులకి రెండు లైన్లు. కళింగనగరం ఇదే అని శాసనాలు చదివి వాదించినవాడు గిడుగు రామమూర్తి. ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి దగ్గరే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నాడు. ఆయన్ని మనం వాడుక భాష కోసమే తలుచుకుంటాం, సవర భాష కోసం ఇంకొందరు తలుచుకుంటారు. మన ఊరి రాళ్లని చదివి మనకి రాజధానిని వెతికిపెట్టిన సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు.

సరే, రాజసుందరి. ఆవిడ భర్త గంగరాజు రాజరాజ దేవేంద్రవర్మ. 1070లో గద్దెనెక్కి 1078 దాకా ఏలాడు. వాళ్ల కొడుకు అనంతవర్మ చోడగంగ దేవుడు. పేరు చూడండి: చోడ అమ్మ వైపు, గంగ నాన్న వైపు. మనవాళ్లు ఇంటిపేరు ముందు పెట్టుకున్నట్టు ఇతను తల్లి పుట్టింటి పేరు ముందు పెట్టుకున్నాడు. మామూలుగా రాజులు తల్లి ఊసు శాసనంలో ఒక పద్యంతో సరిపెడతారు. ఈయన రాజ్యమంతా మోగే బిరుదులో పెట్టుకున్నాడంటే ఆ పుట్టింటికి ఏదో విలువ ఉండాలి.

ఆ విలువ తెలియాలంటే ముందు గోదావరి వైపు, వేంగికి వెళ్లాలి. అక్కడి చాళుక్యులకీ తంజావూరు చోళులకీ మధ్య జరిగిన పెళ్లిళ్లు మామ్మకి చెబితే ఒక్క నిమిషంలో అర్థమవుతాయి. చరిత్ర పుస్తకాలు మాత్రం 'వైవాహిక సంబంధాలు' అనే ఒక్క మాటతో దాటేస్తాయి. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వని వేంగి విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు, మన నన్నయ గారి రాజు. ఆయన చేసుకున్నది అమ్మంగదేవిని. ఈవిడ రాజేంద్ర చోళుడి కూతురు, అంటే కుందవ్వ అన్నదమ్ముడి కూతురు. మేనమామ కూతురు. మళ్లీ వీళ్ల కొడుకు, పేరు రాజేంద్రుడే, చేసుకున్నది మధురాంతకిని. ఈవిడ రెండో రాజేంద్ర చోళుడి కూతురు, అంటే అమ్మంగదేవి అన్నదమ్ముడి కూతురు. మళ్లీ మేనమామ కూతురే. మూడు తరాలు, మూడు పెళ్లిళ్లు, ప్రతిసారీ పిల్ల ఆ ఇంటి నుంచే. ఈ మూడో తరం కుర్రాడే తర్వాత కులోత్తుంగ చోళుడు అయ్యాడు.

ఇప్పుడు కథ అసలు ముడి దగ్గరికి వస్తుంది. 1061లో రాజరాజ నరేంద్రుడు పోయాడు. వేంగి గద్దె కొడుక్కి రాలేదు. నరేంద్రుడి సవతి తమ్ముడు విజయాదిత్యుడు పట్టేసుకున్నాడు. కుర్రాడు రాజేంద్రుడు చక్రకోటం వైపు, అంటే ఇప్పటి బస్తరు వైపు, తిరుగుతూ గడిపాడు. చోళ గద్దె మీద అప్పటికి ముగ్గురు అన్నదమ్ములు వరసగా కూర్చుంటున్నారు. పెద్దవాడు రాజాధిరాజు 1054లో కొప్పం యుద్ధంలో ఏనుగు మీదే చనిపోయాడు. రెండోవాడు రాజేంద్రుడు 1063 దాకా ఉన్నాడు. ఆ తర్వాత వీరరాజేంద్రుడు. ఈయన కుర్రాడికి సొంత మేనమామే. అయినా వేంగిని తీసుకెళ్లి విజయాదిత్యుడి చేతిలోనే పెట్టాడు. ఒక కూతుర్ని పశ్చిమ చాళుక్యుల విక్రమాదిత్యుడికి ఇచ్చాడు. ఇంకో కూతుర్ని, మన రాజసుందరిని, కళింగానికి ఇచ్చాడు.

మ్యాపు తీసి చూడండి. పడమట ఒక అల్లుడు, ఉత్తరాన ఒక అల్లుడు, మధ్యలో వేంగిలో తను కూర్చోబెట్టిన మనిషి. వీళ్లందరి మధ్యా చిక్కుకుపోయినవాడు మేనల్లుడు రాజేంద్రుడు. వీరరాజేంద్రుడు పెళ్లిళ్లతో ఒక కంచె కట్టాడని నాకనిపిస్తుంది. ఆ కంచె ఎవరి కోసమో వేరే చెప్పక్కర్లేదు. మేనల్లుడికి తన ఇంటి మీద ఎంత పట్టుందో ఆయనకి తెలుసు. తల్లి, నాయనమ్మ, భార్య, ముగ్గురూ తమ ఇంటి ఆడపడుచులే మరి.

1070లో వీరరాజేంద్రుడు పోయాడు. పడమటి అల్లుడు విక్రమాదిత్యుడు వెంటనే కంచికి పరిగెత్తి, అక్కడి నుంచి గంగైకొండ చోళపురం వెళ్లి, బావమరిది అధిరాజేంద్రుడికి పట్టం కట్టించి, ఒక నెల ఉండి వెనక్కి వెళ్లాడు. ఇదంతా ఆయన ఆస్థాన కవి బిల్హణుడు రాసుకున్నాడు, కాబట్టి కొంచెం గొప్ప కలిపే ఉంటాడు. ఆయన వెళ్లిన కొద్ది రోజులకే తిరుగుబాటు, అధిరాజేంద్రుడి చావు. వేంగి రాజేంద్రుడు వచ్చి చోళ సింహాసనం మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు యాభై ఏళ్లు పైగా లేవలేదు.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. మగవారసుడు లేక ఖాళీ అయిన గద్దె అది. నింపింది ఆడపిల్ల కొడుకు. ఆడపిల్లల కొడుకులకి హక్కుందని ఒకసారి ఒప్పుకుంటే, చనిపోయిన రాజుకి ఎవరు దగ్గర? కులోత్తుంగుడు అధిరాజేంద్రుడికి మేనత్త కొడుకు. రాజసుందరి కొడుకు సొంత అక్కచెల్లెలి కొడుకు, మేనల్లుడు. వీరరాజేంద్రుడి నుంచి లెక్కేస్తే ఒకడు మేనల్లుడు, ఇంకొకడు మనవడు. మా ఊళ్లో ఏ పెద్దమనిషిని కూర్చోబెట్టి అడిగినా, కూతురి కొడుకుండగా చెల్లెలి కొడుకు కొట్టేస్తాడేటి, అంటాడు. రక్తం దగ్గరతనం ఒక్కటే చూస్తే చోళ గద్దెకి దగ్గరి దారి ముఖలింగం నుంచే ఉంది.

మరి ఎందుకు రాలేదు? మొదటి కారణం వయసు. చోడగంగుడికి పట్టాభిషేకం 1078లో. ఆ తర్వాత 1147 దాకా ఏలాడు, దగ్గరదగ్గర 70 ఏళ్లు. అంత కాలం ఏలినవాడు పట్టం నాటికి చిన్న గుంటడు అయి ఉండాలి. 1070 నాటికైతే ఊయల్లో ఉన్నాడో లేడో. ఊయల్లో పిల్లాడి కోసం వాళ్ల నాన్న సైన్యం తీసుకుని వెయ్యి కిలోమీటర్లు పైబడి దక్షిణానికి వెళ్లాలి. దారిలో వేంగి ఉంది. ఆ నాన్న కూడా అదే ఏడు కొత్తగా గద్దెనెక్కినవాడు.

రెండో కారణం మామ్మ చెప్పింది. కళింగం నుంచి చోళ ఇంటికి ఉన్న పోగు ఒక్కటే. వేంగి నుంచి ఉన్నది మూడు పోగుల తాడు. చోళ అంతఃపురంలో, సేనల్లో, గుడి అధికారుల్లో కులోత్తుంగుడు పరాయివాడు కాదు. పుట్టింటి ఆడపడుచు కొడుకూ అతనే, ఇంటి అల్లుడూ అతనే. ఒక రకంగా ఇల్లరికం వచ్చినవాడి కింద లెక్క. రాజసుందరి కొడుకు మొహం అక్కడ ఎవరికి తెలుసు?

ఇక్కడ ఒక చిక్కు దాచకూడదు. రాజసుందరి తండ్రి ఎవరన్న దాని మీద చరిత్రకారుల మధ్య పేచీ ఉంది. చోడగంగుడి తామ్ర శాసనాలు ఆవిడని రాజేంద్ర చోళుడి కూతురంటాయి. ఆ రాజేంద్రుడు వీరరాజేంద్రుడే అని ఎక్కువమంది అంటారు. గద్దెనెక్కిన కొత్తలో కులోత్తుంగుడి పేరూ రాజేంద్రుడే కాబట్టి ఆవిడ అతని కూతురని ఇంకొందరు అంటారు. వీళ్లకీ ఆధారం ఉంది. రాజరాజ దేవేంద్రవర్మ ముందు ద్రమిళుల మీద గెలిచాడని, ఆ తర్వాత రాజసుందరిని చేపట్టాడని శాసనం వరస చెబుతుంది. ద్రమిళులంటే తమిళులు. ఓడినవాడు పిల్లనిచ్చి రాజీపడ్డాడు అనుకోవచ్చు. కళింగ నగరానికి దగ్గర్లోనే, కళింగపట్నం పక్కన దీర్ఘాసిలో శక 997 (1075) నాటి శాసనం ఒకటి ఉంది. గంగ సేనాపతి వనపతి అందులో చోళులనీ వేంగినీ గెలిచానని చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో రెండు రాజ్యాలకీ పోట్లాట నిజమే.

నేను వీరరాజేంద్రుడి వైపే మొగ్గుతాను. కారణం పైన చెప్పిన కంచె. వేంగి విజయాదిత్యుడు ముసలితనంలో చోళ సముద్రంలో మునిగిపోబోతుంటే కళింగ రాజు ఆదుకున్నాడని చోడగంగుడి తామ్ర శాసనం చెబుతుంది. వీరరాజేంద్రుడు నిలబెట్టిన మనిషిని వీరరాజేంద్రుడి అల్లుడు ఆదుకోవడం సహజం. కులోత్తుంగుడి అల్లుడైతే మామగారి శత్రువుని ఇంట్లో పెట్టుకున్నట్టవుతుంది. అలా జరగదని కాదు, మన ఇళ్లల్లోనే బోలెడు జరుగుతాయి. ఆవిడ కులోత్తుంగుడి కూతురే అయితే మాత్రం నా వాదన సగం కూలిపోతుంది. అతనికి కొడుకులు చాలామంది, కూతురి కొడుక్కి అక్కడ చోటే లేదు. పైగా ఆ కొడుకుల్లో ఒకడి పేరు కూడా రాజరాజ చోడగంగుడే! 1084లో వేంగికి తండ్రి తరఫున వచ్చి కూర్చున్నాడు. రెండు ఇళ్లల్లో ఒకే కాలంలో ఇద్దరు చోడగంగులు. ఇది చదివిన రోజు నాకు తలనొప్పి వచ్చింది.

సరే, పెళ్లి ఒక పదిహేనేళ్లు ముందు జరిగి ఉంటే? 1070 నాటికి కుర్రాడికి పధ్నాలుగేళ్లు ఉండేవి, గుర్రమెక్కే వయసు. చాలాకాలం నేను ఇదే అనుకుంటూ వచ్చాను. కానీ లెక్క సరిపోదు. పదిహేనేళ్ల ముందు వీరరాజేంద్రుడు ఎవరు? ఇద్దరు అన్నల తర్వాత నిలబడ్డ మూడోవాడు. కొప్పంలో పెద్దన్న చావకపోతే, రెండో అన్న 1063లో పోకపోతే, ఆయన కూతురు ఒకానొక చోళ పిల్ల మాత్రమే. అంత దూరం నుంచి ఆవిడని తెచ్చుకోవాలని కళింగం వాళ్లకి తట్టేదే కాదు. రాజసుందరికి విలువ వచ్చింది తండ్రికి పట్టం దక్కాకే. అప్పటికి ఆలస్యమైంది.

కాబట్టి నా 'అయితే' ఇంకోలా పెడతాను. వీరరాజేంద్రుడు ఏడేళ్లకే పోకుండా ఇంకో పదిహేనేళ్లు ఉండి ఉంటే? అధిరాజేంద్రుడు ఎలాగూ నిలవలేదనుకుందాం. మనవణ్ని తెచ్చి గంగైకొండ చోళపురంలో పెంచే టైము తాతకి దొరికేది. ఇది గాలిలో మేడ కాదు. సరిగ్గా ఇలాంటి పనే తర్వాత ఒక చోళ రాజు చేశాడు. రెండో రాజరాజ చోళుడు, 1160లలో, విక్రమ చోళుడి కూతురి కొడుకుని వారసుడిగా ఎంచుకున్నాడు. అతనే రెండో రాజాధిరాజు. అంటే ఆడపిల్ల కొడుకుని తెచ్చి కూర్చోబెట్టడం ఆ ఇంటికి కొత్త కాదు, తప్పు అసలే కాదు. ముందుగా తెచ్చిపెట్టుకోవాలి, అంతే.

అలా జరిగి ఉంటే కులోత్తుంగుడు వేంగి దొరగానే మిగిలేవాడు. చోళ, గంగ రాజ్యాలు ఒకే మనిషి కిందికి వచ్చేవి, వేంగి రెండిటి మధ్య నలిగేది. చోడగంగుడి చూపు దక్షిణం మీదే ఉండేది. ముఖలింగం ఏమయ్యేదన్నది మాత్రం అంత తేలిక ప్రశ్న కాదు. గంగైకొండ చోళపురం ముందు అది చిన్నబోయి అప్పుడే పల్లెటూరు అయిపోయేదేమో. మనకి మేలు జరిగేదని చెప్పడానికి నాకు ధైర్యం లేదు.

జరిగింది ఇది. 1078లో రాజరాజ దేవేంద్రవర్మ పోయాడు, పిల్లాడికి పట్టం కట్టారు. కులోత్తుంగుడి సేనలు కళింగం మీదికి రెండుసార్లు వచ్చాయి, 1096 ప్రాంతంలో ఒకసారి, 1110 ప్రాంతంలో ఇంకోసారి. రెండోసారి వచ్చిన సేనాని కరుణాకర తొండైమాన్. ఆ దండయాత్ర మీద జయంకొండార్ తమిళంలో 'కళింగత్తుప్పరణి' రాశాడు. కప్పం రెండుసార్లు కట్టలేదు కాబట్టి వెళ్లామని కారణం చెప్పుకున్నారు. ఆ కావ్యంలో కళింగరాజు పారిపోయి దాక్కుంటాడు. తమిళులకి అది గొప్ప కావ్యం. అందులో చచ్చిపడి ఉన్నది మన ఏనుగులూ మన జనమూ కాబట్టి నేనైతే తీరుబడిగా ఆస్వాదించలేను. సింహాచలం గుడిలో దొరికే అతి పాత శాసనం కూడా కులోత్తుంగుడి కాలానిదే, 1098–99 నాటిది. విజయనగరం దిగువన చోళుల మాట ఎంత దూరం చెల్లిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

దక్షిణం మూసుకుపోయింది కాబట్టే చోడగంగుడు ఉత్తరానికి తిరిగాడని నా నమ్మకం. 1110 తర్వాత కొన్నేళ్లకే ఉత్కళం గెలిచాడు. పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టించాడు. 1135 ప్రాంతంలో రాజధాని కటకానికి వెళ్లిపోయింది. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు మిగిలారు. మా ఫ్రెండ్ ఒకడు దీనికి ఒప్పుకోడు. ఉత్కళాన్ని ఏలే సోమవంశీయులు అప్పటికే చితికిపోయి ఉన్నారు, బెంగాల్ రామపాలుడు అందులో చెయ్యి పెడుతున్నాడు, చోళులు లేకపోయినా చోడగంగుడు అటు వెళ్లేవాడే అంటాడు. వాడి మాటలో బలం ఉంది. వెళ్లేవాడేమో గానీ ఇల్లు మార్చేవాడు కాదు అన్నది నా జవాబు. పెరడు పెంచుకోవడం వేరు, కాపురం మార్చడం వేరు.

1118 నాటి తామ్ర శాసనంలో ఆయన వంశ చరిత్ర ఎత్తుకున్న తీరు చూస్తే నాకు నవ్వొస్తుంది. విష్ణువు, బ్రహ్మ, చంద్రుడు, యయాతి, ఆపైన కోలాహలపురం నుంచి వచ్చిన అయిదుగురు అన్నదమ్ములు, మహేంద్రగిరి మీద గోకర్ణేశ్వరుడి దర్శనం, కళింగ విజయం. అమ్మ పుట్టింటి వాళ్లు సూర్యవంశం చెప్పుకుంటుంటే మేము చంద్రవంశం అని లెక్క తేల్చినట్టుంది. మందస వైపు వెళ్తుంటే ఇప్పటికీ మహేంద్రగిరి నీలంగా కనబడుతుంది. కొండ అక్కడే ఉంది, వంశాలే పోయాయి.

ఇంకో సంగతి. తండ్రికి ఒక్క పెళ్లి తక్కువైతే కొడుకు వంద పాళ్లు ఎక్కువ చేసుకున్నాడు. చోడగంగుడికి చాలామంది రాణులు. ఆయన తర్వాత కస్తూరికామోదిని కొడుకు కామార్ణవుడు, ఇందిర కొడుకు రాఘవుడు, చంద్రలేఖ కొడుకులు రాజరాజు, అనియంకభీముడు, నలుగురు అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు 1147 నుంచి 1198 దాకా ఏలారు. తండ్రీ కొడుకులూ కలిపి 120 ఏళ్లు! పెళ్లిళ్లు వారసత్వాన్ని ఎలా మారుస్తాయో దీన్ని మించిన ఉదాహరణ లేదు. పెద్ద కొడుకు కొడుక్కి రావాల్సింది పక్కకి జారుతూ జారుతూ నాలుగో తమ్ముడి ఇంట్లో స్థిరపడింది. కోణార్క గుడి కట్టించిన నరసింహదేవుడు ఆ నాలుగోవాడి వంశమే.

కృష్ణదేవరాయలు గజపతి కూతుర్ని చేసుకున్న కథ అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. ఆ పెళ్లితో కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేల గజపతికి తిరిగొచ్చింది. వారసత్వం ఇటు నుంచి అటు ఇంచు కూడా కదల్లేదు. అక్కడా ఒక్క పోగే.

కనుమ నాడు మధ్యాహ్నం అరుగు మీద మామ్మకి ఈ కథంతా చెప్పాను. పేర్లు మూడుసార్లు అడిగింది. రాజేంద్రుళ్లు ఎక్కువైపోయారని విసుక్కుంది. అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ పిల్ల అన్నదమ్ముడికి కూతుళ్లు లేరేటి?"

"అధిరాజేంద్రుడికా? పిల్లలు లేకుండానే పోయాడు మామ్మా."

"అయితే ఇంకేటుంది. ఆ కుర్రాడికి మేనమామ కూతురే లేదు కదా. అక్కడితో తెగిపోయింది" అని, లోపలికి తిరిగి అక్కని కేకేసింది.

అక్క వినిపించనట్టు టీవీ సౌండు పెంచింది.